హిడెన్ ఫిగర్స్‌లో ఆ బోర్డు పగలగొట్టింది నిజంగా ఎవరు?

శారద_లెక్కల_టీచరు

మా బడిలో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ‘హిడెన్ ఫిగర్స్’ వేసి చూపించాను, అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో లెక్కలు చేసిన కాథరిన్, డొరతీ, మేరీ అనే ముగ్గురు నల్లజాతి స్త్రీల సినిమా. వాళ్లు అన్నిటికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది కాథరిన్ బోర్డు మీద లెక్క తేల్చినప్పుడు కాదు, మేరీ జడ్జిని ఒప్పించినప్పుడూ కాదు. పై అధికారి అల్ హ్యారిసన్ వచ్చి, ‘నల్లజాతి స్త్రీలకు’ అని రాసి ఉన్న మరుగుదొడ్డి బోర్డును అందరి ముందూ పగలగొట్టినప్పుడు.

ఆ తర్వాత మార్గట్ లీ షెటర్లీ రాసిన అసలు పుస్తకం చదివాను. ఆ సంఘటన అందులో లేనే లేదు. హ్యారిసన్ అనే మనిషే లేడు, కల్పిత పాత్ర. అప్పటి నుంచి నాకు కోపం తగ్గడం లేదు. ముగ్గురు ఆడవాళ్ల కథ అని పిలిచి కూర్చోబెట్టి, పిల్లల చేత చప్పట్లు ఒక తెల్ల అధికారికి కొట్టించారు. వర్ణ వివక్ష రోజుల్లో పనిచేసిన నల్లజాతి స్త్రీల మీద వచ్చిన సినిమాలన్నీ ఇంతేనా? చూసినవాళ్లు చెప్పండి. పిల్లలకు తర్వాత ఏది చూపించాలో నిర్ణయించుకోవాలి.

సినిమా_సుబ్బారావు

శారద గారూ, మీ కోపం న్యాయమే గానీ, మీరు ఆ పుస్తకం తెరిచింది సినిమా చూశాకే కదా. 2016కు ముందు కాథరిన్ జాన్సన్, డొరతీ వాన్, మేరీ జాక్సన్ పేర్లు మనలో ఎవరికి తెలుసు? రెండున్నర కోట్ల డాలర్లతో తీస్తే ప్రపంచమంతటా ఇరవై మూడు కోట్లకు పైగా వచ్చింది. ముగ్గురు నల్లజాతి గణిత శాస్త్రజ్ఞుల కథకు జనం టికెట్టు కొన్నారంటే చిన్న విషయం కాదు. రెండు గంటల సినిమాలో ప్రేక్షకుడికి ఊపిరి ఆడే చోటు ఒకటి కావాలి. దర్శకుడు అది అక్కడ పెట్టాడు.

పాత_రీళ్లు

ఊపిరి ఆడే చోటు ఎవరి వల్ల అన్నదే కదా ప్రశ్న.

హ్యాంప్టన్_దగ్గర

నేను ఉండేది వర్జీనియాలో, ఆ ముగ్గురూ పనిచేసిన నాసా వారి లాంగ్లీ పరిశోధన కేంద్రానికి కారులో కొద్ది దూరం. ఆ పుస్తకం ఇక్కడి గ్రంథాలయంలో రెండుసార్లు తీసుకుని చదివాను. మరుగుదొడ్డి సంగతి అసలు ఎలా జరిగిందో చెబుతాను, సినిమా కంటే అదే నాకు బాగా నచ్చింది.

నల్లజాతి వారి గదులకు మాత్రమే బోర్డులు ఉండేవి. తెల్లవారి గదులకు ఏ బోర్డూ లేదు. కాథరిన్ 1953లో చేరింది. బోర్డు లేని గదిలోకి మామూలుగా వెళ్లి వచ్చేది. చాలా కాలానికి ఎవరో అభ్యంతరం చెప్పారు. ఆమె పట్టించుకోలేదు. అంతటితో ఆ విషయం ముగిసింది. వానలో ఫైళ్లు గుండెకు హత్తుకుని అర మైలు పరుగెత్తిన కాథరిన్ సినిమాలోనే ఉంది.

ఆ అవమానం నిజంగా పడింది మేరీ జాక్సన్. ఆవరణ తూర్పు వైపు తెల్ల అమ్మాయిల మధ్య పనికి పంపారు. మరుగుదొడ్డి ఎక్కడ అని అడిగితే, మీ వాళ్లది ఎక్కడుందో మాకేం తెలుసు అన్నట్టు నవ్వారు. ఆ మంటతో వెనక్కి వస్తుంటే కజిమియర్జ్ చార్నెకీ అనే ఇంజనీరు ఎదురయ్యాడు. ఆమె కడుపులో ఉన్నదంతా కక్కేసింది. ఆయన విని, వచ్చి నా దగ్గర పనిచెయ్యి అన్నాడు. విమాన నమూనాలను ధ్వనిని మించిన గాలి వేగంలో పరీక్షించే 60,000 అశ్వశక్తి గల సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్ దగ్గర ఆమె పని అలా మొదలైంది. ఇంజనీరు కావడానికి చదువుకోమని చెప్పింది కూడా ఆయనే.

సినిమా_సుబ్బారావు

చూశారా, అక్కడా ఒక తెల్లవాడు సాయం చేశాడు. నిజంలో ఉన్నది సినిమాలో ఉంటే తప్పేమిటి?

శారద_లెక్కల_టీచరు

తేడా ఉంది. చార్నెకీ పని ఇచ్చాడు. చదివిందీ, అనుమతి తెచ్చుకుందీ, పరీక్షలు నెగ్గిందీ మేరీ. సినిమాలో హ్యారిసన్ బోర్డు పగలగొట్టేటప్పుడు కాథరిన్ పక్కన నిలబడి చూస్తుంది. నా పిల్లలు నేర్చుకున్నది కూడా అదే: మంచి ఆఫీసరు దొరికేదాకా ఓర్చుకో.

నల్లరేగడి

ఆ చివరి మాట మీద నాకు చెప్పాల్సింది చాలా ఉంది. మా నాన్న రోజుల్లో ఊరి టీ కొట్టులో మాకు వేరే గ్లాసులు. తాగి మేమే కడిగి పెట్టాలి. హిడెన్ ఫిగర్స్‌లో కాథరిన్ కోసం వేరే కాఫీ కెటిల్ తెచ్చి పెట్టిన సన్నివేశం చూసి మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. అమెరికా సంగతి వేరు, మా సంగతి వేరు, చట్టాలు వేరు, చరిత్ర వేరు. అయినా ఆ కెటిల్ ఏమిటో మాకు ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు.

మా ఊళ్లో ఆ గ్లాసులు పోయింది పెద్దమనిషి ఎవరో మనసు మార్చుకుని కాదు. మా కుర్రాళ్లు ఒకరోజు కూర్చుని, మామూలు గ్లాసుల్లో ఇస్తేనే తాగుతాం అన్నారు. తర్వాత దెబ్బలు తిన్నారు. మళ్లీ వెళ్లి కూర్చున్నారు. అందుకే శారద గారి కోపం నాకు సొంత కోపంలా ఉంది. హ్యాంప్టన్ గారూ, లాంగ్లీలో అలా కూర్చున్నవాళ్లు ఎవరూ లేరా?

హ్యాంప్టన్_దగ్గర

ఉన్నారు. మిరియం మాన్. సినిమాలో ఆమె లేదు.

లాంగ్లీ భోజనశాలలో వెనక వరసలో ఒక బల్ల మీద ‘నల్లజాతి కంప్యూటర్లకు’ అని చిన్న అట్ట పెట్టేవారు. కంప్యూటర్ అనేది అప్పుడు ఉద్యోగం పేరు, లెక్కలు వేసే మనిషి. మిరియం మాన్ ఒకరోజు ఆ అట్ట తీసి చేతిసంచిలో పెట్టుకుంది. కొన్నాళ్లకు కొత్తది వచ్చింది. అదీ తీసేసింది. మళ్లీ వచ్చింది, మళ్లీ తీసేసింది. ఉద్యోగం పోతుందని భర్త భయపడ్డాడు. తీసేస్తే తియ్యనీ అంది. చివరికి పెట్టేవాళ్లే విసిగిపోయి మానేశారు.

ఇది రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్నప్పటి మాట. సినిమాలో అధికారి బోర్డు పగలగొట్టింది 1961లో. అంటే ఒక ఆడమనిషి చప్పుడు లేకుండా చేసిన పనిని ఏళ్ల తర్వాతికి జరిపి, చప్పుడు చేర్చి, వేరొకరి చేతిలో పెట్టారు.

రాయలసీమ_రాణి

ఒళ్లు జలదరించింది. ఈ ఒక్క సంఘటన చాలు ఒక సినిమాకు.

సినిమా_సుబ్బారావు

ఇది నాకు తెలియదు, చాలా గొప్ప సంఘటన. అయినా దర్శకుడు థియడోర్ మెల్ఫీ వాదన కూడా వినాలి. మంచి పని చేసే తెల్లవాళ్లూ ఉండాలి, నల్లవాళ్లూ ఉండాలి, మంచి జరిగితే చాలు, ఎవరు చేశారన్నది ఎందుకు అన్నట్టుగా ఆయన ఒక ఇంటర్వ్యూలో మాట్లాడాడు. నేను పూర్తిగా ఒప్పుకోను, కానీ దురుద్దేశం కనిపించలేదు.

నల్లరేగడి

సుబ్బారావు గారూ, చేసిన మనిషి పేరు చెరిపేసిన చోట ‘ఎవరు చేస్తేనేం’ అనడం చేసినవాళ్ల హక్కు. మనం అనకూడదు.

విశాఖ_వాణి

నేను ఇంజనీరింగ్ చదివి ఒక పెద్ద కర్మాగారంలో చేరేసరికి షాప్ ఫ్లోర్‌లో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. పరిపాలనా భవనం దాకా నడిచి వెళ్లాలి. వెళ్లి వచ్చేసరికి ఇరవై నిమిషాలు, వచ్చాక ఫోర్‌మన్ మొహం చూడాలి. నీళ్లు తాగడం మానేశాం. మా అందరికీ మూత్ర సంబంధమైన జబ్బులు. నలుగురం కలిసి అర్జీ రాశాం, యూనియన్ వెంట పడ్డాం, మహిళా ఉద్యోగులతో సంతకాలు చేయించాం. చాలా ఏళ్లకు కట్టారు. సంస్థ వార్షిక సంచికలో ఏమని వచ్చిందో తెలుసా? జనరల్ మేనేజర్ గారి మానవతా దృక్పథం వల్ల అని. రిబ్బన్ కత్తిరిస్తున్న ఫొటో కూడా.

మాది జాతి వివక్ష కాదు, ఆ బాధతో పోల్చను. సంచికలో ఫొటో ఎవరిది పడుతుందన్నది మాత్రం అన్ని చోట్లా ఒకేలా ఉంది.

శారద_లెక్కల_టీచరు

వాణి గారూ, మీ అర్జీ సంగతి మా పిల్లలకు చెప్పవచ్చా? పేర్లు లేకుండానే.

విశాఖ_వాణి

తప్పకుండా చెప్పండమ్మా.

పాత_రీళ్లు

సంవత్సరాల సంగతి కూడా చూడాలి, అసలు నష్టం అక్కడే జరిగింది. సినిమా అంతా 1961 చుట్టూ నడుస్తుంది. నిజంలో డొరతీ వాన్ వెస్ట్ కంప్యూటింగ్ విభాగం నాయకత్వం అందుకుంది 1949లో. మేరీ జాక్సన్ ఇంజనీరు అయింది 1958లో. అప్పటిదాకా లాంగ్లీని నడిపిన విమాన పరిశోధన సంస్థ ‘నాకా’ (NACA) నాసాగా మారింది 1958 అక్టోబరులో, ఆ ఏడాదే నల్లజాతి స్త్రీలను విడిగా కూర్చోబెట్టిన ఆ విభాగాన్ని మూసేశారు. సినిమా కథ మొదలయ్యేసరికే ఇవన్నీ అయిపోయాయి. అన్నిటినీ తెచ్చి ఒకే ఏడాదిలో కుక్కితే ఏమవుతుంది? సోవియట్ వ్యోమగామి గగారిన్ ఎగిరాడు, అమెరికా కంగారు పడింది, పనికి అడ్డం కాబట్టి వివక్ష తీసేశారు అనిపిస్తుంది. దాని వెనక పదిహేనేళ్ల పోరు మాయమైంది.

రాత్రి_షిఫ్టు

అసలు ఆ ఉద్యోగాలు ఎలా వచ్చాయో కూడా సినిమాలో లేదు. 1941లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ అనే కార్మిక నాయకుడు వేలమందితో వాషింగ్టన్ మీదికి ఊరేగింపు తెస్తానని హెచ్చరించాడు. యుద్ధ సమయంలో అది జరిగితే పరువు పోతుందని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దిగివచ్చి, రక్షణ పరిశ్రమల్లో జాతి వివక్ష కూడదని 8802 నంబరు ఉత్తర్వు ఇచ్చాడు. 1943లో లాంగ్లీలో ఆ వెస్ట్ కంప్యూటింగ్ విభాగం పుట్టింది ఆ తర్వాతే. ఉద్యోగం ఇచ్చారు, కానీ వేరే గదిలో, వేరే బల్ల దగ్గర.

హ్యాంప్టన్_దగ్గర

డొరతీ వాన్ గురించి ఇంకొకటి. ఆమె అంతకుముందు ఫార్మ్‌విల్ ఊళ్లో మోటన్ హైస్కూలులో లెక్కల టీచరు. శారద గారి వృత్తే. లాంగ్లీలో ఇచ్చిన జీతం టీచరు జీతానికి రెట్టింపు కంటే ఎక్కువ. పిల్లల్ని ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర వదిలి వచ్చింది. 1951లో అదే మోటన్ స్కూలు పిల్లలు, బార్బరా జాన్స్ అనే పదహారేళ్ల అమ్మాయి వెనక, పాడుబడ్డ గదుల్లో చదవలేమని సమ్మె చేశారు. ఆ కేసు బ్రౌన్ వర్సెస్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్‌లో కలిసి 1954లో, బడుల్లో జాతి వేర్పాటు చెల్లదన్న సుప్రీంకోర్టు తీర్పుదాకా వెళ్లింది. ఆ తీర్పును అమలు చేయడం ఇష్టం లేక ఆ కౌంటీ వాళ్లు 1959 నుంచి 1964 దాకా ప్రభుత్వ బడులన్నిటినీ మూసేశారు. ఐదేళ్లు బడి లేదు. సినిమాలో వ్యోమగామి జాన్ గ్లెన్ అంతరిక్షంలో తిరుగుతున్న సమయానికి డొరతీ ఒకప్పుడు పాఠం చెప్పిన ఊళ్లో నల్లజాతి పిల్లలకు బడికి తాళం.

శారద_లెక్కల_టీచరు

ఈ సంగతి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. బడికి తాళం వేయడం.

గుంటూరు_కారం

మేరీ కోర్టు సన్నివేశమైనా నిజమేనా? నాకు సినిమాలో చాలా ఇష్టమైంది అదే. అదీ అబద్ధం అంటే నేను తట్టుకోలేను.

హ్యాంప్టన్_దగ్గర

సగం నిజం. ఇంజనీరు కావడానికి వర్జీనియా విశ్వవిద్యాలయం వారి సాయంత్రం తరగతులు చదవాలి. అవి జరిగేది హ్యాంప్టన్ హైస్కూలులో, అది తెల్లవారికి మాత్రమే. మేరీ నగర అధికారులను అడిగి ప్రత్యేక అనుమతి తెచ్చుకుంది. కోర్టు వాదన సినిమా వాళ్ల కల్పన. లోపలికి వెళ్లాక ఆమెకు ఆశ్చర్యం: ఇన్నేళ్లు తనను రానివ్వని బడి ఒక పాత, శిథిల భవనం. ఇంత కష్టపడి కాపాడుకున్నది దీన్నా అనుకుంది.

గుంటూరు_కారం

అయ్యో, ఆ పాడు భవనం చూపించి ఉంటే కోర్టు కంటే బాగుండేది!

రాత్రి_షిఫ్టు

నేను ఉపగ్రహాల సాఫ్ట్‌వేరులో పనిచేస్తాను కాబట్టి లెక్క గురించి ఒక మాట. ఆఖర్లో గ్లెన్ రాకెట్ ఎక్కబోతూ ‘ఆ అమ్మాయితో ఒకసారి చూపించండి’ అంటాడు, కాథరిన్ నిమిషాల్లో తేల్చి పరుగెత్తుతుంది. గ్లెన్ అడిగింది నిజం. కానీ ఐబీఎం 7090 కంప్యూటరు యంత్రం ఇచ్చిన అంకెలను ఆమె యాంత్రిక కాలిక్యులేటరు మీద చేత్తో సరిచూడటానికి ఒకటిన్నర రోజు పట్టింది. ఎన్నో దశాంశ స్థానాల దాకా, ఒక్కో సమీకరణం. నాకు ఆ ఒకటిన్నర రోజే కావాలి. ఇలాంటి పని ఎంత ఓపికతో జరుగుతుందో, ఒక అంకె తప్పితే ఎక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టాలో చూపిస్తే ఆమె మేధ ఇంకా బాగా తెలిసేది. 1962 ఫిబ్రవరి 20న గ్లెన్ భూమిని మూడుసార్లు చుట్టి వచ్చాడు. కంట్రోల్ రూము కేప్ కెనావరల్‌లో ఉంది, కాథరిన్ వర్జీనియాలో తన బల్ల దగ్గర ఉంది. హ్యారిసన్ ఆమెను కంట్రోల్ రూము లోపలికి తీసుకెళ్లే ఘట్టం కూడా కల్పితమే.

శారద_లెక్కల_టీచరు

అంటే తలుపు తెరవడం కూడా ఆయన చేతనే చేయించారు!

సినిమా_సుబ్బారావు

నేను ఇంకా ఒక మాట పట్టుకునే ఉన్నాను. తరాజీ హెన్సన్, ఒక్టేవియా స్పెన్సర్, జనెల్ మొనే ముగ్గురూ ఆ సినిమాను భుజాల మీద మోశారు. కాథరిన్ వానలో తడిసి వచ్చి, ఎక్కడికి పోతున్నావని గద్దించిన అధికారికి ఆఫీసంతా వింటుండగా సమాధానం చెప్పే ఘట్టం ఉంది. పరుగు నిజం కాకపోవచ్చు, ఆ కోపం నిజం. నా మట్టుకు సినిమా అక్కడే గెలిచింది. దాని తర్వాత వచ్చే బోర్డు దృశ్యం తీసేసినా నాకు లోటుండదు.

నల్లరేగడి

ఇక్కడ మనిద్దరం కలిశాం.

రాయలసీమ_రాణి

‘ది హెల్ప్’ గురించి ఎవరూ ఎత్తలేదేం? 2011లో వచ్చింది. మిసిసిపిలోని జాక్సన్ నగరం, 1960ల మొదట్లో తెల్లవారి ఇళ్లలో పనిచేసే నల్లజాతి స్త్రీలు. ఇక్కడా మరుగుదొడ్డే. పనిమనిషికి ఇంటి బయట వేరే గది కట్టాలని ఒక ఇల్లాలు ఉద్యమమే నడుపుతుంది. వయోలా డేవిస్‌ను చూస్తుంటే గొంతు పట్టేసింది.

పాత_రీళ్లు

వయోలా డేవిసే 2018లో ఆ సినిమా చేసినందుకు విచారపడుతున్నానంది. చివరికి వినిపించింది పనివాళ్ల గొంతు కాదని ఆమె బాధ. నిజమే. కథ నడిపేది స్కీటర్ అనే తెల్లమ్మాయి. ఆమె వాళ్ల కథలు రాసుకుని, పుస్తకం వేసి, న్యూయార్క్‌లో ఉద్యోగానికి వెళ్లిపోతుంది. వయోలా చేసిన పనిమనిషి ఐబిలీన్ ఉద్యోగం పోగొట్టుకుని వీధిలో నడుస్తూ ఉంటుంది. నల్లజాతి మహిళా చరిత్రకారుల సంఘం అప్పుడే గట్టిగా విమర్శించింది. ఒక్టేవియా స్పెన్సర్‌కు ఆస్కార్ వచ్చింది, దానికి ఆమె పూర్తిగా అర్హురాలు. ఆ ఇళ్లలో మగవాళ్ల వల్ల పనివాళ్లకు జరిగినవి మాత్రం సినిమాలో దాదాపు లేవు.

రాయలసీమ_రాణి

మా అమ్మ ఇళ్లలో పనిచేసి మమ్మల్ని చదివించింది. తెరమీద వంటగదిలో నిలబడి ఉన్న ఆ మనిషిని చూసి మా అమ్మ ఏడ్చింది. విమర్శలో నిజం ఉంది పాత_రీళ్లు గారూ, మా అమ్మ కన్నీళ్లలోనూ ఉంది.

పాత_రీళ్లు

ఆ మాట కాదనను రాణి గారూ. అమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

రాత్రి_షిఫ్టు

ఇళ్లలో పని అనగానే ఒక విషయం. ఇలాంటి సినిమాల్లో చెడ్డ యజమానురాలు ఒకరు ఉంటారు, ఆమెకు బుద్ధి చెబితే కథ ముగుస్తుంది. కానీ 1935లో వచ్చిన సోషల్ సెక్యూరిటీ చట్టం నుంచి ఇంటిపనివాళ్లనూ పొలం కూలీలనూ తప్పించారు. 1938లో వచ్చిన కనీస వేతన చట్టం నుంచీ తప్పించారు. దక్షిణాదిలో నల్లజాతి స్త్రీలకు దొరికే పని ఎక్కువగా ఆ రెండే. కనీస వేతనం ఇంటిపనివాళ్లకు వర్తించింది 1974లో. యజమానురాలు ఎంత మంచిదైనా చట్టం చేసిన గాయం మానదు. దీని మీద సినిమా తీస్తే చూడాలని ఉంది.

కొత్తగూడెం_కిరణ్

‘ది లాంగ్ వాక్ హోమ్’ చూశారా ఎవరైనా? 1990. అలబామాలోని మాంట్‌గోమరీలో, బస్సుల్లో నల్లజాతి వారికి వేరే సీట్లు పెట్టినందుకు వాళ్లు చేసిన బస్సుల బహిష్కరణ. వూపీ గోల్డ్‌బర్గ్ ఒడెస్సా అనే పనిమనిషి. బస్సు ఎక్కకూడదు కాబట్టి పొద్దున్నే నడిచి పనికి వెళ్తుంది, రోజంతా నిలబడి పనిచేసి మళ్లీ నడిచి ఇంటికి. ఆమె పాదాలు, అరిగిన బూట్లు చూపించిన తీరు మరిచిపోలేను. ఎక్కడా గట్టిగా అరవదు. ఇదీ ఆ ఇంటి తెల్ల పిల్ల పెద్దయ్యాక గుర్తుచేసుకుంటున్నట్టే నడుస్తుంది, శారద గారికి ముందే చెబుతున్నా. కానీ ఒడెస్సా ఇంట్లో భోజనాల దగ్గర, చర్చిలో, పిల్లల మధ్య కూడా కెమెరా కూర్చుంటుంది. ‘ది హెల్ప్’ కంటే ఇందుకే ఇది నాకు నిజాయితీగా అనిపించింది.

ఆ బహిష్కరణ 1955 డిసెంబరు 5 నుంచి 381 రోజులు నడిచింది. దాన్ని నడిపింది వంటవాళ్లూ చాకలి పనివాళ్లూ. జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి కోర్టులో బస్సు డ్రైవరు మీద సాక్ష్యం చెప్పినందుకు ఉద్యోగం పోగొట్టుకుంది. తన ఇంట్లోనే వంట మొదలుపెట్టింది. అంతకుముందే తోటి ఆడవాళ్లతో కలిసి కోడి వేపుడూ కేకులూ అమ్మి ఉద్యమానికి డబ్బు తెచ్చి ఇచ్చేది. ఇచ్చినవాళ్ల పేర్లు బయటపడితే వాళ్ల ఉద్యోగాలూ పోతాయి కాబట్టి, డబ్బు ఎక్కడిదని అడిగితే ఎక్కడిదీ కాదు అని చెప్పేవారు. ఆ బృందం పేరే ‘క్లబ్ ఫ్రమ్ నోవేర్’.

నల్లరేగడి

జార్జియా గిల్మోర్ గురించి ఇంకా రాయండి కిరణ్ గారూ. విడిగా చర్చా దారం తెరిచినా సరే.

గుంటూరు_కారం

ఆ వేపుడు ఎలా చేసేదో కూడా రాయండి, ఉద్యమ ప్రేమతోనే అడుగుతున్నా.

పాత_రీళ్లు

తెర వెనక కథ కూడా ఈ దారంలోకే వస్తుంది. హ్యాటీ మెక్‌డానియెల్ ఆస్కార్ గెలిచిన మొదటి నల్లజాతి వ్యక్తి, 1940లో, ‘గాన్ విత్ ది విండ్’లో పనిమనిషి పాత్రకు. ఆ రాత్రి హోటల్లో ఆమెను తన సినిమా బృందంతో కూర్చోనివ్వలేదు, గోడ పక్కన వేరే బల్ల వేశారు. అంతకు రెండు నెలల ముందు అట్లాంటాలో జరిగిన ఆ సినిమా తొలి ప్రదర్శనకు నల్లజాతి నటులెవరూ వెళ్లలేకపోయారు. సినిమా పరిశ్రమే వివక్ష నడిచిన కార్యాలయం.

హ్యాంప్టన్_దగ్గర

శారద గారు అడిగిన ప్రశ్నకు నా జవాబు ‘ది సిక్స్ ట్రిపుల్ ఎయిట్’. 2024లో టైలర్ పెర్రీ తీశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఐరోపాకు పంపిన 6888వ తపాలా పటాలం, 855 మంది నల్లజాతి స్త్రీలు. సైనికులకు రావలసిన ఉత్తరాలు ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో గోదాముల నిండా పేరుకుపోయాయి, సుమారు 1.7 కోట్లు. ఎలుకలు కొరికిన పొట్లాలు, పొగమంచు, కిటికీలకు నల్ల రంగు. ఆరు నెలల గడువు ఇస్తే మూడు నెలల్లో ముగించారు. ఒక్క రాబర్ట్ స్మిత్ అనే పేరుతోనే వేలమంది సైనికులు ఉండేవారట, ఎవరి ఉత్తరం ఎవరిదో తేల్చడానికి లక్షల కార్డులతో సూచీ తయారు చేసుకున్నారు.

మేజర్ చారిటీ ఆడమ్స్ పాత్ర కెర్రీ వాషింగ్టన్ చేసింది. ఒక జనరల్ తనిఖీకి వచ్చి, ఈ పటాలం ఎలా నడపాలో చూపించడానికి ఒక తెల్ల లెఫ్టినెంట్‌ను పంపుతాను అంటే, నా శవం మీదుగా పంపాలి సార్ అంది. ఇది కల్పన కాదు. ఆయన ఆమె మీద విచారణకు సిద్ధమైతే, ఆమె కూడా ఆయన మీద అభియోగం తయారు చేసుకుంది. ఆయన వెనక్కి తగ్గాడు. లండన్‌లో రెడ్‌క్రాస్ వాళ్లు వీళ్లకు మాత్రం వేరే హోటల్ ఏర్పాటు చేస్తే, మా వాళ్లెవరూ అందులో ఉండరు అని తిప్పికొట్టింది.

సినిమా_సుబ్బారావు

చూశాను. సినిమాగా చెప్పాలంటే మొదటి గంట ప్రేమకథ మరీ సాగింది, సంభాషణలు ఉపన్యాసాల్లా ఉన్నాయి. హిడెన్ ఫిగర్స్ దీనికంటే మెరుగైన సినిమా.

హ్యాంప్టన్_దగ్గర

ఆ విమర్శ నిజమే. అయినా ఎవరూ వచ్చి వాళ్లను రక్షించరు. పని వాళ్లదే, మాటా వాళ్లదే. నాకు ముఖ్యం అది. వాళ్లకు అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) బంగారు పతకం ఇవ్వాలని చట్టం అయింది 2022లో. అప్పటికి చారిటీ ఆడమ్స్ చనిపోయి ఇరవై ఏళ్లు.

రాత్రి_షిఫ్టు

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లకు ఒక మాట, హ్యాంప్టన్ గారు ఏమీ అనుకోకూడదు. ఇక్కడి మా ఆఫీసులో కొందరు మనవాళ్లు ఈ చరిత్ర వాళ్లది, మనకెందుకు అంటారు. జాతీయతలను బట్టి కోటాలు పెట్టి ఆసియా వాళ్లను దాదాపు రానివ్వని పాత వలస చట్టాన్ని 1965లో తీసేశారు. 1964 పౌరహక్కుల చట్టం తర్వాతి ఏడాదే, అదే ఉద్యమం తెచ్చిన గాలిలో. జాతిని బట్టి ఉద్యోగంలో వివక్ష చూపకూడదన్నదీ ఆ 1964 చట్టమే. మనం ఇక్కడ కూర్చుని కోడ్ రాస్తున్నామంటే, మాంట్‌గోమరీలో నడిచిన ఆ వంటమనుషులకు బాకీ ఉన్నాం.

హ్యాంప్టన్_దగ్గర

ఏమీ అనుకోను. ఇక్కడి తెలుగు సంఘం వేడుకల్లో ఇదే చెప్పమని మిమ్మల్ని పిలుస్తాను.

విశాఖ_వాణి

మేరీ జాక్సన్ తర్వాతి జీవితం ఎవరైనా చెబుతారా? సినిమా ఆమెను ఇంజనీరును చేసి వదిలేసింది.

హ్యాంప్టన్_దగ్గర

వాణి గారూ, అది మీకు బాగా నచ్చుతుంది. ఇంజనీరుగా ఆమె ఎంత పైకి వెళ్లినా మేనేజరు పదవి మాత్రం ఇవ్వలేదు. 1979లో ఆమె తన హోదా తగ్గించుకుని మరీ మహిళా ఉద్యోగుల కార్యక్రమం బాధ్యత తీసుకుంది. మిగతా ఆడవాళ్ల నియామకాలూ పదోన్నతులూ చూసేందుకు. 1985లో రిటైరైంది. వాషింగ్టన్‌లోని నాసా ప్రధాన కార్యాలయానికి ఇప్పుడు ఆమె పేరే ఉంది, 2021లో పెట్టారు. డొరతీ వాన్ సంగతి చూస్తే, 1958లో విభాగం మూసేశాక ఫోర్ట్రాన్ అనే కంప్యూటరు భాష నేర్చుకుని నెగ్గుకొచ్చింది గానీ, మళ్లీ నాయకత్వ పదవి ఎంత అడిగినా రాలేదు. 1971లో అలాగే రిటైరైంది. సినిమా చివర్లో ఆమెకు పదవి ఇచ్చి సంతోషంగా ముగించారు. జీవితంలో పదవి ముందు వచ్చింది, తర్వాత పోయింది, మళ్లీ రాలేదు.

విశాఖ_వాణి

హోదా తగ్గించుకుని! నా ఉద్యోగ జీవితమంతా ఒక్క పదోన్నతి కోసం ఎదురుచూసిన మనిషిని నేను. ఆ నిర్ణయం బరువు నాకు తెలుసు.

శారద_లెక్కల_టీచరు

అందరికీ కృతజ్ఞతలు. వచ్చే వారం ‘ది సిక్స్ ట్రిపుల్ ఎయిట్’ వేస్తాను. ముందు మిరియం మాన్ గురించి, వాణి గారి అర్జీ గురించి చెప్పి, పిల్లల్ని ఒక లెక్క చేయమంటాను. ఒక్కో షిఫ్టుకు 65,000 ఉత్తరాలు, రోజుకు మూడు షిఫ్టులు, మొత్తం 1,70,00,000. ఎన్ని రోజులు?

రాత్రి_షిఫ్టు

రోజుకు 1,95,000. భాగిస్తే 87 రోజుల పైచిలుకు. మూడు నెలలకు సరిపోయింది.

గుంటూరు_కారం

జవాబు ఇక్కడే చెప్పేశారు, పిల్లలు ఈ దారం చూస్తే!

హ్యాంప్టన్_దగ్గర

శారద గారూ, సినిమా మొదలవగానే ఇటలీలో యుద్ధ దృశ్యం ఉంది, రక్తం ఎక్కువ. తొమ్మిదో తరగతి కాబట్టి ఆ కొద్ది నిమిషాలు దాటించి వేయండి. ఉత్తరాల గోదాము తలుపులు మొదటిసారి తెరిచే చోట మాత్రం ఆపి, పిల్లలను ఎక్కడి నుంచి మొదలుపెడతారో అడగండి.